ఏడు పుష్కరాల ఏడాది

ప్రాణహిత ఒడ్డున, మహారాష్ట్రలోని సిరొంచలో పంచాంగం చూడడం రాని ఇంట్లోనైనా గురుగ్రహం ఎక్కడుందో పన్నెండేళ్లకోసారి తెలిసిపోతుంది. గురుడు మీనరాశిలో అడుగుపెడితే ప్రాణహితకు పుష్కరం, సింహరాశిలో అడుగుపెడితే గోదావరికి పుష్కరం. 2010 డిసెంబరులో ఒకసారి, 2022 ఏప్రిల్‌లో మరోసారి ప్రాణహిత ఒడ్డు జనంతో నిండిపోయింది. లెక్క చూస్తే ఆ రెండిటి మధ్య పదకొండేళ్ల నాలుగు నెలలే ఉన్నాయి. గురుడికి సూర్యుణ్ని చుట్టి రావడానికి నిండా పన్నెండేళ్లు పట్టదు, 11.86 ఏళ్లు చాలు. పైగా వక్రగతిలో, అంటే ఆకాశంలో వెనక్కి నడుస్తున్నట్టు కనిపించే రోజుల్లో, రాశి గడప దగ్గర ముందుకీ వెనక్కీ ఊగుతాడు కాబట్టి తేదీలు కాస్త అటూ ఇటూ అవుతుంటాయి.

శని సంగతి ఇంకా బాగా తెలుసు, భయం కొద్దీ. రాశికి రెండున్నరేళ్ల చొప్పున మూడు రాశులు దాటేసరికి ఏడున్నరేళ్లు. అదే ఏలినాటి శని. చుట్టు పూర్తి కావడానికి ఇరవై తొమ్మిదిన్నరేళ్లు. కంటితో చూసి కట్టిన పాత లెక్కలు అక్కడితో ఆగిపోతాయి. శనికి అవతల, సూర్యుడి నుంచి దాదాపు రెట్టింపు దూరంలో, యురేనస్ అనే గ్రహం తిరుగుతోంది. అది ఒక్కో రాశిలో ఏడేళ్లు కూర్చుంటుంది. చుట్టు తిరిగి రావడానికి 84 ఏళ్లు. గురుడి చుట్లతో కొలిస్తే ఏడు పుష్కరాలు, పైన ఒక ఏడాది. ఎనభై దాటి సహస్ర చంద్ర దర్శనం జరుపుకున్న పెద్దవాళ్లకు కూడా యురేనస్ లెక్కలో ఇంకా మొదటి ఏడాది నిండి ఉండదు.

ఈ గ్రహం మాట వస్తే దూరం, చలి, పక్కకు ఒరిగిన తీరు చెప్పి వదిలేస్తారు. అవన్నీ నిజమే. కానీ ఖగోళవేత్తలను ఎక్కువగా ఏడిపించింది దాని నిదానం. కళ్లముందే ఉన్నా తొంభై ఏళ్లపాటు గుర్తుపట్టలేకపోవడానికి అదే కారణం. వ్యోమనౌక దగ్గరదాకా వెళ్లి చూసినా సగమే తెలియడానికీ అదే కారణం.

ముందు పేరు సంగతి. గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలోనూ, చంద్రపూర్ జిల్లా రాజురా వైపూ, నాందేడ్ జిల్లా ధర్మాబాద్, దెగ్లూర్ వైపూ పెరిగే తెలుగు పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, టీవీలో హిందీ. బడి పుస్తకంలో యురేనస్ అని ఉంటుంది. మరాఠీ జ్యోతిష్కుడి నోట అదే గ్రహం ‘హర్షల్’. హిందీలో ‘అరుణ్’. ఎవరైనా విడమరచి చెప్పకపోతే మూడు వేరువేరు గ్రహాలనుకున్నా ఆశ్చర్యం లేదు. వీటిలో అసలు చరిత్రను దాచుకున్నది ‘హర్షల్’. దాన్ని కనిపెట్టిన విలియం హెర్షెల్ పేరే మరాఠీ నోట అలా మారింది. హెర్షెల్ తన గ్రహానికి ఇంగ్లండు రాజు మూడో జార్జి పేరు పెట్టాలనుకున్నాడు. ఇంగ్లండు బయట అది ఎవరికీ రుచించలేదు. కొందరు హెర్షెల్ పేరే పెడదామన్నారు. చివరికి జర్మన్ ఖగోళవేత్త బోడె సూచించిన యురేనస్ నిలిచింది. గ్రీకు పురాణంలో ఆయన ఆకాశానికి అధిదేవత, శనికి తండ్రి. మిగతా ప్రపంచం వదిలేసిన పేరు మాత్రం మరాఠీ జ్యోతిషంలో చెక్కుచెదరకుండా ఉండిపోయింది.

హెర్షెల్ వృత్తి సంగీతం. బాత్ పట్టణంలో చర్చి ఆర్గాన్ వాయించేవాడు. టెలిస్కోపు అద్దాలు తానే పోతపోసి, తానే సానపట్టుకునేవాడు. 1781 మార్చి 13 రాత్రి ఇంటి పెరట్లోంచి వృషభ, మిథున రాశుల సరిహద్దు చూస్తుంటే ఒక చుక్క మిగతావాటిలా లేదనిపించింది. కంటి దగ్గరి కటకం మార్చి ఇంకా పెద్దది చేసి చూశాడు. కిటుకంతా ఇక్కడే ఉంది. నక్షత్రాన్ని ఎన్ని రెట్లు పెద్దది చేసి చూసినా చుక్కగానే ఉంటుంది. ఇది మాత్రం కటకం మార్చినకొద్దీ బిళ్లలా పెద్దదవుతూ పోయింది. నాలుగు రోజుల తర్వాత చూస్తే చోటు కూడా మారింది. తోకచుక్క దొరికిందనుకుని అలాగే రాసి పంపాడు. కక్ష్య లెక్క కట్టినవాళ్లు అది శనికి అవతల దాదాపు గుండ్రని దారిలో పోతోందని తేల్చాక గానీ కొత్త గ్రహమని ఎవరికీ తోచలేదు.

అంతకు తొంభై ఏళ్ల ముందే, 1690 డిసెంబరులో, ఇంగ్లండు రాజ ఖగోళవేత్త జాన్ ఫ్లామ్‌స్టీడ్ దీన్ని చూశాడు. వృషభరాశిలో 34వ నక్షత్రమని పట్టికలో ఎక్కించి ముందుకు పోయాడు. ఫ్రాన్సులో లెమోనియే అయితే 1750, 1769 మధ్య ఏకంగా పన్నెండుసార్లు చూశాడు. 1769 జనవరిలో కొద్ది రోజుల తేడాతోనే పలుమార్లు చోటు రాసుకున్నాడు. అయినా పట్టుబడలేదు. ఆయన అజాగ్రత్తపరుడని తర్వాతివాళ్లు తిట్టిపోశారు గానీ ఆ తిట్టులో న్యాయం తక్కువ. ఆ రోజుల్లో యురేనస్ వక్రగతి మలుపు దగ్గర ఉంది. అలాంటప్పుడు అసలే నిదానంగా నడిచేది ఇంకాస్త నిలబడిపోతుంది. మామూలు రోజుల్లోనే అది ఏడాదికి జరిగేది నాలుగు డిగ్రీల పైచిలుకు, అంటే చేయి చాచి చూస్తే రెండు వేళ్ల వెడల్పు.

ఎంత దూరంలో ఉందో అంకెల్లో చెబితే సుమారు 287 కోట్ల కిలోమీటర్లు. అంకె తలకెక్కదు గనక, వేసవిలో ప్రాణహిత ఇసుకతిన్నె మీద ఒక కొబ్బరికాయ పెట్టి అదే సూర్యుడనుకుంటే మేలు. ఆ కొలతలో భూమి పదిహేను మీటర్ల దూరంలో ఒక ఆవగింజ. యురేనస్ ఒక కందిగింజ, పావు కిలోమీటరు దాటి అవతల. అక్కడ ఎండ మనకు తగిలేదానిలో సుమారు 370వ వంతు. వెలుగు చేరడానికి రెండు గంటల నలభై నిమిషాలు. గ్రహం వ్యాసం 51 వేల కిలోమీటర్లు, భూమికి నాలుగు రెట్లు. బరువులో పద్నాలుగున్నర భూములతో సమానం. అంత బరువున్నా పై అంచున గురుత్వం మాత్రం మన కంటే తక్కువే. ఇక్కడ పది కిలోల బియ్యం సంచి అక్కడ తొమ్మిది కిలోల లోపు తూగుతుంది. కాకపోతే సంచి దించడానికి నేల లేదు. కిందికి పోయేకొద్దీ వాయువు చిక్కబడి ద్రవంలా మారుతుందే తప్ప గట్టి ఉపరితలం ఎక్కడా తగలదు.

ఇక ఒరుగు. భూమి ఇరుసు 23.4 డిగ్రీలు వాలి ఉంటే యురేనస్ ఇరుసు 97.8 డిగ్రీలు వాలి ఉంది. అంటే పడుకుని తిరుగుతోంది. బంతిలా దొర్లుతూ పోతుందని చాలాచోట్ల రాస్తారు. ఆ పోలిక సగమే నిజం. కరెంటు పోయిన రాత్రి ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ఒక నిమ్మకాయకు అడ్డంగా చీపురుపుల్ల గుచ్చాలి. మధ్యలో దీపం పెట్టి, నిమ్మకాయను దాని చుట్టూ నెమ్మదిగా తిప్పాలి. షరతు ఒక్కటే: పుల్ల ఎప్పుడూ నేలకు సమాంతరంగా, ఒకే దిక్కు చూడాలి. ఉదాహరణకు వీధి గుమ్మం వైపు. ఒకచోట పుల్ల మొన సరిగ్గా దీపానికి ఎదురుగా వస్తుంది. అప్పుడు నిమ్మకాయను పుల్ల చుట్టూ ఎంత గిరగిరా తిప్పినా దీపం వైపు సగం వెలుగులోనే, వెనక సగం చీకటిలోనే ఉంటాయి. ఆ ఘడియలో గ్రహం నిజంగానే దొర్లుతున్నట్టు కనిపిస్తుంది. ఇంకో పావు చుట్టు జరిగాక పుల్ల దీపానికి పక్కవాటుగా వస్తుంది. ఇప్పుడు తిప్పితే నిమ్మకాయ మీద అన్నిచోట్లా పగలు, రాత్రి వస్తూ పోతూ ఉంటాయి. ఇక్కడ గ్రహం పోయేది గోడకు రంధ్రం వేసే డ్రిల్లు మొనలా, ఇరుసు వెంబడే ముందుకు.

ఈ పావు చుట్టుకు యురేనస్‌కు పట్టేది 21 ఏళ్లు. ధ్రువం దగ్గర 42 ఏళ్లు ఏకధాటిగా పగలు, తర్వాత 42 ఏళ్లు రాత్రి. ఏడాది మొత్తం మీద చూస్తే నడిమి భాగం కంటే ధ్రువాలకే ఎక్కువ ఎండ అందుతుంది. భూమి మీద దీనికి సరిగ్గా ఉల్టా. ఇలా ఎందుకు ఒరిగిందంటే, గ్రహాలు కొత్తగా ఏర్పడుతున్న రోజుల్లో భూమికంత లేదా ఇంకా పెద్ద గోళం ఒకటి వచ్చి గుద్దిందన్నది ఎక్కువమంది ఒప్పుకునే ఊహ. చందమామలూ వలయాలూ కూడా అదే ఒరుగులో తిరుగుతున్నాయి కాబట్టి ఆ గుద్దు, నిజంగా జరిగి ఉంటే, చాలా తొలినాళ్లలోనే జరిగి ఉండాలి. గుద్దే అక్కర్లేదు, పెద్ద చందమామ ఒకటి మెల్లగా లాగి ఒరిగించి ఉండొచ్చనే వాదమూ ఉంది.

నిమ్మకాయ ప్రయోగం గుర్తుంటే వాయేజర్ 2 కష్టం వెంటనే అర్థమవుతుంది. 1977 ఆగస్టు 20న బయలుదేరిన ఆ నౌక 1986 జనవరి 24న యురేనస్ మబ్బులకు 81,500 కిలోమీటర్ల దగ్గరగా దూసుకుపోయింది. ఇప్పటిదాకా అక్కడికి వెళ్లిన నౌక అదొక్కటే. అది వెళ్లిన సమయానికి పుల్ల మొన దీపానికి ఎదురుగా ఉంది. దక్షిణ ధ్రువం సూర్యుడి వైపు చూస్తోంది, ఉత్తరార్ధం మొత్తం చీకట్లో ఉంది. చందమామల ఉత్తర సగాలదీ అదే గతి. పైగా గ్రహం ముఖం మీద చెప్పుకోదగ్గ మబ్బుగాని, తుపానుగాని కనిపించలేదు. మసక నీలంలో నున్నటి బంతి. గురుడి ఎర్రమచ్చ, శని వలయాలు చూసి వచ్చిన కళ్లకు ఇది చప్పగా తోచింది. నాలుగు రోజులకే, జనవరి 28న, చాలెంజర్ షటిల్ పేలి ఏడుగురు చనిపోవడంతో పత్రికల్లో యురేనస్ ఊసే లేకుండా పోయింది.

ఆ చప్పదనం గ్రహం గుణం అనుకున్నారు. అది ఆ రుతువు గుణం అయ్యుండొచ్చని తెలియడానికి ఇరవై ఏళ్లు ఆగాల్సి వచ్చింది. 2007లో పగలూ రాత్రీ సమానమయ్యే విషువత్తు వచ్చేసరికి అంతరిక్షంలోని హబుల్‌కూ, హవాయిలోని కెక్ టెలిస్కోపులకూ తెల్లటి మబ్బులు, తుపానులు బాగానే కనిపించాయి. గంటకు 900 కిలోమీటర్ల గాలులు కొలిచారు. ఇప్పుడు ఉత్తర ధ్రువం సూర్యుడి వైపు తిరుగుతోంది. దాని మీద తెల్లటి మసక టోపీ ఏటేటా ప్రస్ఫుటమవుతోంది. 2030లో ఆ ధ్రువం సూర్యుడికి సూటిగా వస్తుంది. వాయేజర్ వెళ్లినప్పుడు ఇరవై ఏళ్ల వయసున్న పరిశోధకుడికి అప్పటికి అరవై నాలుగు. ఆయన చూసేది గ్రహం ఏడాదిలో సగమే. 1986లో చూసిన రుతువే మళ్లీ రావాలంటే 2070 దాకా ఆగాలి.

రోజు పొడవు కూడా ఇలాగే సతాయించింది. వాయేజర్ కొలతలో అది 17 గంటల 14 నిమిషాల 24 సెకన్లు. హబుల్ పదేళ్లకు పైగా అక్కడి ధ్రువకాంతులను, అంటే అయస్కాంత ధ్రువాల దగ్గర మెరిసే వెలుగులను, గమనించాక 2025లో అది మరో 28 సెకన్లు ఎక్కువని తేలింది. ఇరవై ఎనిమిది సెకన్లు ఏమంత అనిపిస్తుంది. కానీ 1986 నుంచి ఇప్పటికి యురేనస్ దాదాపు ఇరవై వేల రోజులు గడిపింది. అన్ని రోజుల తేడా కూడితే తొమ్మిది తిరుగుళ్లు. అంటే వాయేజర్ ఫొటోలో ఫలానా చోట ఉన్నది ఇప్పుడు ఏ వైపుకు తిరిగి ఉందో ఇన్నాళ్లూ చెప్పే వీలే లేకపోయింది.

చలి విషయానికొస్తే, గ్రహాలన్నిటిలో ఇప్పటిదాకా కొలిచిన అతి తక్కువ వాతావరణ ఉష్ణోగ్రత ఇక్కడిదే, మైనస్ 224 డిగ్రీలు. విచిత్రం ఏమిటంటే ఇంకా 160 కోట్ల కిలోమీటర్లు అవతల ఉన్న నెప్ట్యూన్ ఇంతకంటే చల్లగా లేదు. నెప్ట్యూన్ సూర్యుడి నుంచి అందుకున్నదానికి రెండున్నర రెట్లకు పైగా వేడిని బయటికి వదులుతుంది. పుట్టినప్పటి వేడి ఇంకా కడుపులో ఉందన్నమాట. యురేనస్ పొయ్యి ఆరిపోయినట్టే ఉందని వాయేజర్ కొలతలు చెప్పాయి. 2025లో వచ్చిన కొత్త లెక్కలు ఆ మాటను కాస్త సవరించాయి. అందుకునేదానికంటే పది శాతానికి పైగానే ఎక్కువ వదులుతోందని వాటి సారాంశం. పొయ్యిలో నిప్పు ఉంది, నివురు కింద. అదే కవల లాంటి నెప్ట్యూన్‌లో అంత మంట ఎందుకుందో, ఇక్కడ ఇంతే ఎందుకుందో మాత్రం తేలలేదు.

దీన్ని ‘మంచు దిగ్గజం’ అంటారు. తప్పుదారి పట్టించే పేరు. లోపల ఉన్నది నీరు, అమోనియా, మీథేన్ కలిసిన చిక్కటి ద్రవం, వేల డిగ్రీల వేడిలో. పై పొరల్లో హైడ్రోజన్, హీలియం, కాస్త మీథేన్. ఎర్రటి వెలుగును మీథేన్ మింగేస్తుంది కాబట్టి గ్రహం ఆకుపచ్చ కలిసిన లేత నీలంలో కనిపిస్తుంది. నెప్ట్యూన్ ముదురు నీలమని పుస్తకాల్లో చూసిందంతా ఫొటోలకు పెంచిన రంగే. రెండిటి రంగులూ దాదాపు ఒకటేనని 2024లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు చూపించారు. మబ్బుల పై అంచున హైడ్రోజన్ సల్ఫైడ్ ఉందని 2018లో తేలింది. కుళ్లిన కోడిగుడ్డు వాసన అదే. లోపల వజ్రాల వాన కురుస్తుందనే మాట కూడా తరచూ వినిపిస్తుంది. ప్రయోగశాలలో అలాంటి ఒత్తిడి కల్పించి చూసిన ఫలితాల మీద నిలబడిన ఊహ అది. అక్కడ కురుస్తుండగా చూసినవాళ్లెవరూ లేరు.

యురేనస్ కథలో మన దేశానికి పక్కాగా వాటా ఉన్నది వలయాల దగ్గర. 1977 మార్చి 10న ఒక నక్షత్రం ముందు నుంచి యురేనస్ దాటబోతోందని ముందే లెక్క ఉంది. అలా దాటేటప్పుడు నక్షత్రపు వెలుగు ఎలా తగ్గుతుందో చూస్తే గ్రహం వాతావరణం గురించి తెలుస్తుంది. అమెరికన్ బృందం హిందూ మహాసముద్రం మీద విమానంలోంచి చూస్తోంది. తమిళనాడులో జవ్వాది కొండల మీది కావలూరు వేధశాలలో భట్టాచార్య, కుప్పుస్వామి ఒక మీటరు టెలిస్కోపుతో చూస్తున్నారు. గ్రహం అడ్డం రావడానికి ఇంకా చాలా సమయం ఉండగానే నక్షత్రపు వెలుగు చటుక్కున తగ్గి, వెంటనే మామూలైంది. విమానంలో వాళ్లకు అలా ఒకటి తర్వాత ఒకటి, గ్రహం దాటిపోయాక రెండో వైపు కూడా అదే వరసలో కనిపించాయి. గ్రహానికి రెండు పక్కలా ఒకే దూరంలో అడ్డం వచ్చేది వలయమే అవుతుంది. ఇప్పటికి తెలిసిన వలయాలు 13. శని వలయాల్లా తళతళలాడవు, బొగ్గులా నల్లగా ఉంటాయి.

చందమామలు 29. చివరిదాన్ని 2025లో జేమ్స్ వెబ్ టెలిస్కోపు ఫొటోల్లో పట్టుకున్నారు, అడ్డంగా పది కిలోమీటర్లే ఉంటుంది. పెద్దవాటిలో మిరాండా వింతైనది. 470 కిలోమీటర్ల గోళం మీద ఇరవై కిలోమీటర్ల దాకా ఎత్తున్న కొండ అంచు ఒకటి ఉంది.

అయస్కాంత క్షేత్రం గ్రహం తిరిగే ఇరుసుకు 59 డిగ్రీలు పక్కకు వాలి ఉంది, గ్రహం కేంద్రంలోంచి కూడా పోదు. వాయేజర్ అది కొలిచిన రోజు సూర్యుడి నుంచి వీచే కణాల గాలి బలంగా తోసి ఆ క్షేత్రాన్ని నొక్కేసిందని 2024లో పాత డేటా మళ్లీ తిరగేసినవాళ్లు చెప్పారు. అలాంటి స్థితి నూటికి నాలుగు వంతుల సమయమే ఉంటుందట. 84 ఏళ్ల ఏడాదిలో ఒక్క పూట వెళ్లి, అదీ గాలివాన రోజున చూసి వచ్చినట్టయింది. యురేనస్ చుట్టూ తిరుగుతూ ఏళ్ల తరబడి ఉండే నౌకను పంపాలని 2022లో అమెరికా జాతీయ అకాడమీలు పెద్ద ప్రయోగాల్లో మొదటి వరసలో పెట్టి సిఫారసు చేయడానికి కారణం ఆ ఒక్క పూట చూపు చాలకపోవడమే. ప్రయాణానికే పన్నెండు, పదమూడేళ్లు పట్టవచ్చు.

అప్పటిదాకా ఆగక్కర్లేదు. పట్నంలో వీధిదీపాల వెలుగు ఆకాశాన్ని మింగేస్తుంది గానీ, సిరొంచ చుట్టుపక్కల మిర్చి తోటల్లో, ప్రాణహిత ఇసుకలో ఇంకా నల్లటి ఆకాశం ఉంది. యురేనస్ ప్రకాశం మనిషి కంటి హద్దు మీద ఉంటుంది. మంచి చూపున్నవాళ్లకు టెలిస్కోపు లేకుండానే అందుతుంది, మామూలు బైనాక్యులర్‌తో ఎవరికైనా అందుతుంది. 1690 నుంచి లెక్కేస్తే నాలుగు చుట్లకు 336 ఏళ్లు. అంటే 2026 చివర, 2027 మొదట్లో అది ఫ్లామ్‌స్టీడ్ నక్షత్రమని పొరబడిన చోటికే తిరిగి వస్తోంది. పిల్లలకోడి అని పిలుచుకునే కృత్తికలకూ, ఎర్రటి రోహిణికీ మధ్య, కోడికి దగ్గరగా, చేయి చాచితే మూడు వేళ్ల దూరంలో. బైనాక్యులర్‌లో కోడీ యురేనస్ ఒకేసారి పడతాయి. కార్తీక పౌర్ణమి నాడు మాత్రం వద్దు. ఆ రోజు చందమామ కృత్తికల దగ్గరే ఉంటాడు, అందుకే ఆ నెలకు ఆ పేరు. అమావాస్య దగ్గర్లో ఒక రాత్రి, కోడి కింద కనిపించే చుక్కలన్నీ కాగితం మీద పెన్సిల్‌తో పెట్టుకోవాలి. నెల తర్వాత మళ్లీ చీకటి రాత్రి అదే కాగితం పట్టుకుని రావాలి. ఒక్క చుక్క రెండు నిండు చందమామల వెడల్పు పడమటికి జరిగి ఉంటుంది.